ఒటానీ రాని విమానం, సోటో అడిగిన బాక్సు

ప్రశ్న: "అమెరికా బేస్‌బాల్‌లో ప్రతి చలికాలం ఫ్రీ ఏజెంట్ల మీద వచ్చే పుకార్లను ఎంతవరకు నమ్మొచ్చు? జీతం కాకుండా జట్లు వాళ్లకు ఇంకేమేం ఇస్తాయి?"

మా ఇంట్లో బట్టల అలమరలో ఒక నీలం జెర్సీ ఉంది. ముందు టొరంటో బ్లూ జేస్ బొమ్మ, వెనక ఒటానీ పేరు, 17 నంబరు. జపాన్ స్టార్ షోహే ఒటానీ ఈ జట్టుకు ఒక్క రోజు కూడా ఆడలేదు. పేరు వేయించినవి వాపసు తీసుకోబోమని షాపువాళ్లు ముందే చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు. పుకారు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాణ్ని కాబట్టి దీనికి జవాబు రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నా.

మేం ఉండేది టొరంటో పక్కన మిస్సిసాగాలో. వచ్చిన కొత్తలో బేస్‌బాల్ నాకు తలకెక్కేది కాదు. మావాడు స్కూల్లో ఈ పిచ్చి అంటించుకొచ్చి నాకూ అంటించాడు. మనకు తెలిసిన ఐపీఎల్‌తో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది. అక్కడ వేలం పాట అందరి కళ్లముందే జరుగుతుంది. 2024 నవంబరులో జెద్దాలో లక్నో జట్టు రిషభ్ పంత్‌ను 27 కోట్లకు పాడుకుంది. ఎవరు ఎంతదాకా వెళ్లారో, ఎవరు మధ్యలో వదిలేశారో ఊరంతా చూసింది. కానీ ‘నీకు లక్నో ఇష్టమేనా బాబూ’ అని పంత్‌ను అడిగే పద్ధతి ఆ పాటలో లేదు.

బేస్‌బాల్‌లో కథ తిరగబడుతుంది. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండి, చేతిలో ఒప్పందం లేకపోతే ఆ ఆటగాడు ఫ్రీ ఏజెంట్. సీజన్‌లో 172 రోజులు జట్టు జాబితాలో ఉంటే ఒక ఏడాది కింద లెక్క. ఇక జట్లే అతని దగ్గరికి వచ్చి మా ఊరు ఇలాంటిది, మా స్టేడియం ఇలాంటిది అని చెప్పుకోవాలి. ఎవరు ఎంత ఇస్తామన్నారో ఏజెంటుకూ ఆ జట్టుకూ తప్ప బయటి మనిషికి తెలియదు. ఫలానా రోజులోపు తేల్చాలన్న గడువూ లేదు. నవంబరులో మొదలైన బేరం ఒక్కోసారి ఫిబ్రవరి దాకా లాగుతుంది. అంటే ఇది వేలం పాట కాదు, పెళ్లి సంబంధం. ఫలానా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని తెలిశాక వీధిలో వాళ్లు నోరు కట్టేసుకుని కూర్చుంటారా?

ఈ హక్కు కూడా ఊరికే రాలేదు. 1970ల దాకా ఒక జట్టుతో సంతకం పెడితే, వాళ్లు వదిలేదాకా వాళ్ల మనిషే. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేస్తే, నేను వెళ్లనని ఆయన కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 1975 డిసెంబరులో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల (మన బౌలర్లలాంటి వాళ్లు) కేసులో మధ్యవర్తి ఆటగాళ్ల వైపు తీర్పు చెప్పాకే తలుపు తెరుచుకుంది. అప్పటికి ఫ్లడ్ ఆట మానేశాడు.

ఇక విమానం సంగతి.

2023 డిసెంబరు 8, శుక్రవారం. ఇంటి నుంచే పని. మధ్యాహ్నం మీటింగ్ నడుస్తుండగా ఆఫీసు మిత్రుడొకడు లింకు పంపాడు. తెరిస్తే అమెరికా పటం, దాని మీద పాకుతున్న పసుపు రంగు విమానం బొమ్మ. కాలిఫోర్నియాలో శాంటా ఆనా నుంచి టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టుకు వస్తున్న ప్రైవేటు జెట్ అది. ఒటానీ అప్పటిదాకా ఆడింది ఆ పక్కనే ఉన్న అనహైమ్‌లో. అంతకు కొద్ది రోజుల ముందే బ్లూ జేస్ వాళ్లు ఫ్లోరిడాలోని తమ శిక్షణ కేంద్రంలో అతన్ని కలిశారని వార్త. పేరున్న రిపోర్టరొకాయన ఒటానీ టొరంటోకు బయల్దేరాడని రాసేశాడు కూడా. మా జట్టులో ఉన్న జపాన్ పిచర్ కికూచీ స్టేడియం దగ్గర సుషీ హోటల్ మొత్తం బుక్ చేశాడని ఇంకొకరు. అబ్బ, ఇంకేం కావాలి!

మావాడు స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "నాన్నా, మిచిగన్ దాటిందా?" అని రెండు నిమిషాలకోసారి అడుగుతాడు. అవతల మీటింగ్‌లో ఎవరో నన్నే ఏదో అడిగారు, మ్యూట్ తీసి "యా, మేక్స్ సెన్స్" అన్నాను. దేనికన్నానో ఇప్పటికీ తెలియదు. వంటింట్లోంచి మా ఆవిడ, "దిగాక చెప్పండి, హారతి పళ్లెం తెస్తాను" అంది. విమానం ఇంకా గాల్లో ఉండగానే, జెర్సీలు అయిపోతాయేమోనన్న కంగారులో, నేను ఆర్డరు పెట్టేశాను. 17 నంబరు అప్పటికే మా జట్టులో హోసే బెరియోస్‌ది. ఇచ్చేస్తాడులే, ఒటానీ అడిగితే ఎవరివ్వరు అనుకున్నాం.

విమానం దిగింది. తలుపు తీసుకుని, పిల్లలతో సహా దిగినవాడు రాబర్ట్ హెర్జావెక్. అమెరికా షార్క్ ట్యాంక్‌లో కూర్చునే కెనడా వ్యాపారి. విమానం నంబరు చివర ఆర్‌హెచ్ అని ఆయన పొడి అక్షరాలే ఉన్నాయి. పొద్దున్నుంచీ వేలమంది ఆ నంబరు చూస్తూనే ఉన్నారు, ఎవరికీ తట్టలేదు. ఆ సమయానికి ఒటానీ కాలిఫోర్నియాలో తన ఇంట్లో ఉన్నాడు. మర్నాడు ఇన్‌స్టాగ్రామ్‌లో తనే రాశాడు: వెళ్లేది లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు. పదేళ్లకు 70 కోట్ల డాలర్లు.

ఆ రోజు నుంచి నాకు తెలిసొచ్చింది ఒకటే. ఆ పుకారులో ముక్కలు చాలావరకు నిజమే. విమానం నిజం, దారి నిజం, ఫ్లోరిడాలో కలవడం నిజం. ఆ ముక్కలకు మధ్య కుట్టు వేసింది మాత్రం మన ఆశ. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఫ్రీ ఏజెన్సీలో పొగ పెట్టేవాళ్లు వేరే ఉంటారు. ఏజెంటుకు తన ఆటగాడి కోసం నాలుగు జట్లు కొట్టుకుంటున్నాయని ఊళ్లో వినపడాలి, అప్పుడే రేటు పెరుగుతుంది. పేరు చెప్పని ‘మిస్టరీ టీమ్’ అనేది అందుకే పుడుతుంది. జట్టుకేమో టికెట్లు కొనే మాలాంటి వాళ్లకు ‘మేమూ ప్రయత్నించాం’ అని చూపించుకోవాలి. రిపోర్టరుకు పక్కవాడికంటే అర నిమిషం ముందుండాలి. 2022 డిసెంబరులో ఆరన్ జడ్జ్ శాన్ ఫ్రాన్సిస్కోకు వెళ్తున్నట్టుందని ఒక సీనియర్ రిపోర్టరు ట్వీట్ చేశాడు. ఆ తొందరలో ఆరన్ కాస్తా ‘ఆర్సన్’ అయింది, అంటే ఇల్లు తగలబెట్టడం. కొద్ది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నాడు. జడ్జ్ ఎక్కడికీ పోలేదు, తొమ్మిదేళ్లకు 36 కోట్ల డాలర్లతో తన పాత జట్టు న్యూయార్క్ యాంకీస్‌లోనే ఉండిపోయాడు.

కాబట్టి ‘ఇంట్రెస్ట్ చూపిస్తున్నారు’, ‘టచ్‌లో ఉన్నారు’ అన్న మాటలు కనపడితే నేను చదివి వదిలేస్తాను. ముప్పై జట్లూ టచ్‌లోనే ఉంటాయి, ఫోన్ చేయడానికి ఏం పోయింది. ఎన్నేళ్లు, ఎంత డబ్బు అని అంకెలతో సహా ఇద్దరు ముగ్గురు రాస్తే లేచి కూర్చుంటాను. అప్పటికీ ‘ఫిజికల్ పెండింగ్’ (వైద్య పరీక్ష ఇంకా కాలేదు) అని చివర ఉంటుంది చూడండి, అది తాంబూలాలు పుచ్చుకునే ముందు మాట. కార్లోస్ కొరేయా కథ తెలుసా? అదే 2022 చలికాలంలో శాన్ ఫ్రాన్సిస్కోతో 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్లకు కుదిరింది. వైద్య పరీక్షలో పాత కాలి గాయం దగ్గర పేచీ వచ్చి చెడింది. వెంటనే న్యూయార్క్‌లోని ఇంకో జట్టు మెట్స్‌తో 12 ఏళ్లకు 31.5 కోట్లు. అదీ పరీక్ష దగ్గరే ఆగింది. చివరికి జనవరిలో మిన్నెసోటాతో ఆరేళ్లకు 20 కోట్లకు సంతకం. ఆ రెండుసార్లూ జెర్సీలు కొన్నవాళ్లను తలుచుకుంటే నాకు కొంచెం ఊరట.

రెండో ప్రశ్నకు వస్తే, నన్నడిగితే అసలు సరదా అంతా ఇందులోనే ఉంది. మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఉంటుందే, లక్షలు మాట్లాడుకున్నాక కూడా పెళ్లికొడుకు వాచీకో బండికో మూతి ముడుచుకుని కూర్చునేది, అచ్చం అదే. 2024 డిసెంబరులో హువాన్ సోటో మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. యాంకీస్ 16 ఏళ్లకు 76 కోట్ల దాకా వచ్చారు. తేడా వచ్చిన చోట్లలో ఒకటి స్టేడియంలో కుటుంబానికి లగ్జరీ బాక్సు. యాంకీస్ ఉచితంగా ఇచ్చేది లేదన్నారు. మా దగ్గర పాత కెప్టెన్ జీటర్ డబ్బు కట్టాడు, జడ్జ్ కడుతున్నాడు, నీకొక్కడికీ ఊరికే ఎలా ఇస్తాం అన్నది వాళ్ల లెక్క. మెట్స్ బాక్సు ఇచ్చారు, బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్ వెనక సీట్లూ ఇచ్చారు. బాక్సు వల్లే పోయాడని నేననను, ఏడాదికి వచ్చే జీతం కూడా మెట్స్ దగ్గరే ఎక్కువ. కానీ యాంకీస్ వాళ్ల మాటలో తప్పేమీ లేకపోయినా, పెళ్లివారి దగ్గర అలా లెక్క చెప్పకూడదు.

పాత కోరికలు ఇంకా బాగుంటాయి. 1998లో మొట్టమొదటి పది కోట్ల డాలర్ల ఒప్పందం కెవిన్ బ్రౌన్‌ది. డాడ్జర్స్ అతని కుటుంబం జార్జియా నుంచి వచ్చి పోవడానికి ఏడాదికి 12 సార్లు ప్రైవేటు జెట్ ఇచ్చారు. 1987లో హ్యూస్టన్ పిచర్ చార్లీ కెర్‌ఫెల్డ్ తన నంబరు 37 అని 1,10,037.37 డాలర్ల జీతం రాయించుకున్నాడు, పైన 37 డబ్బాల ఆరెంజ్ జెల్లీ పొడి. నాకు అన్నిటికంటే నచ్చేది హ్యూస్టన్ పిచర్ రాయ్ ఆస్వాల్ట్ బుల్డోజర్. మిసిసిపీలో పొలం ఉన్న మనిషి. 2005లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో ప్లేఆఫ్ సిరీస్‌లో ఆరో మ్యాచ్ గెలిపిస్తే బుల్డోజర్ కొనిస్తానని హ్యూస్టన్ యజమాని మాటిచ్చాడు. గెలిపించాడు, జట్టు తొలిసారి వరల్డ్ సిరీస్‌కు, అంటే ఫైనల్‌కు, వెళ్లింది, బుల్డోజర్ వచ్చింది. లీగ్ నిబంధనల కోసం దాన్ని ఒప్పందంలో కూడా చేర్చారు. మా నాన్నకు ఫోన్‌లో ఈ కథ చెబితే ఆయన అడిగింది ఒకే ఒక్కటి: "ఏ కంపెనీదిరా?"

నంబరుకు కూడా రేటుంది, ఇది జట్టు ఇచ్చేది కాదు, ఆటగాళ్లు తమలో తాము ఇచ్చుకునేది. డాడ్జర్స్‌లో 17 వేసుకున్న జో కెల్లీ ఆ నంబరు వదులుకుంటే, ఒటానీ కెల్లీ భార్యకు పోర్షే కారు ఇంటిముందుకు పంపాడు. మెట్స్‌లో 22 ఇచ్చిన బ్రెట్ బేటీకి సోటో షెవర్లే టాహో కారు ఇచ్చాడు. పాపం బెరియోస్, ఆ విమానంలో ఒటానీ ఉండి ఉంటే ఒక కారు వచ్చేది.

ఇవన్నీ పైపై ముచ్చట్లు. అసలు డబ్బు తారుమారయ్యేది చెల్లింపు తేదీల్లో, పన్నుల్లో. ఒటానీ 70 కోట్లలో పదేళ్లపాటు చేతికి వచ్చేది ఏడాదికి 20 లక్షలే. మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా, వడ్డీ లేకుండా. అందుకే లీగ్ లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం హద్దు దాటిన జట్టు కట్టేది) లెక్కలో ఆ ఒప్పందం విలువ ఏడాదికి 7 కోట్లు కాదు, సుమారు 4.6 కోట్లు. దీనికి పూర్తిగా వ్యతిరేకం మెట్స్ మాజీ ఆటగాడు బాబీ బొనియా. మెట్స్ తనకు బాకీపడ్డ 59 లక్షలను వెంటనే తీసుకోకుండా 8 శాతం వడ్డీతో వాయిదా వేయించుకున్నాడు. 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న దాదాపు 11.9 లక్షల డాలర్లు అందుకుంటూనే ఉంటాడు. ఎల్‌ఐసీ ఏజెంట్లు ఫొటో కట్టించి పెట్టుకోవాల్సిన మనిషి.

పన్నుల దగ్గర మా టొరంటోకు తలనొప్పి. ఒంటారియోలో పై శ్లాబు 53 శాతం దాటుతుంది. టెక్సస్, ఫ్లోరిడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. డాలస్‌కు మారిపోయిన మావాళ్లు పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా నాకు గుర్తుచేసేదీ ఇదే. దీనికి జట్లు వెతుక్కున్న దారి సైనింగ్ బోనస్, అంటే సంతకం పెట్టినందుకు ఇచ్చే సొమ్ము. అమెరికాలో నివాసమున్న ఆటగాడి బోనస్ మీద, రెండు దేశాల ఒప్పందం ప్రకారం, కెనడా 15 శాతానికి మించి తీసుకోదు. మా గెరెరో జూనియర్ 2025లో 14 ఏళ్లకు 50 కోట్ల డాలర్లకు సంతకం పెడితే, అందులో సగానికి పైగా బోనస్ రూపమే.

ఒక్కమాట, ఈ వైభోగమంతా పై మెట్టు మీదే. 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000 డాలర్లు, దాని కింది మెట్టు ట్రిపుల్-ఏలో కనీసం 35,800. ఇంకా కింద మరీ తక్కువ. 2022లో జట్లే ఇల్లు చూపించాలని నియమం వచ్చేదాకా ఆ కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు గాలి పరుపుల మీద పడుకునేవారు. మనం అమెరికాలో ఎమ్మెస్ చదివేప్పుడు పడుకున్నట్టే. బఫెలోలో మా జట్టు ట్రిపుల్-ఏ మ్యాచ్‌కు మావాణ్ని తీసుకెళ్తే, మ్యాచ్ అయ్యాక ఒక పిచర్ కంచె దగ్గరికి వచ్చి పిల్లలందరికీ ఓపిగ్గా సంతకాలు పెట్టాడు. అతని షూ పక్కన కుట్లు ఊడి ఉన్నాయి.

2025 అక్టోబరులో ఒటానీ నిజంగానే టొరంటో వచ్చాడు, వరల్డ్ సిరీస్ ఆడటానికి, డాడ్జర్స్ బట్టల్లో. మొదటి మ్యాచ్ మేం 11-4తో గెలిచాం. చివర్లో స్టేడియం అంతా ‘నువ్వు మాకక్కర్లేదు’ అని అరిచింది, మా హాల్లో మావాడూ అరిచాడు. మా మేనేజర్ ష్నైడర్, ఫ్లోరిడాలో మేమిచ్చిన టోపీ, అతని కుక్క డెకాయ్‌కు ఇచ్చిన జాకెట్ ఇకనైనా తిరిగి తెచ్చాడా అని సరదాగా అన్నాడు. సిరీస్ మాత్రం ఏడో మ్యాచ్‌లో, పదకొండో ఇన్నింగ్స్‌లో, 5-4తో పోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

వారం తిరక్కుండానే మావాడు ఫోన్ పట్టుకొచ్చాడు. ఎవరో పెద్ద బ్యాటరు టొరంటోకు రావడం దాదాపు ఖాయమట.

"ఎవరన్నార్రా?"

"తెలిసినవాళ్లట నాన్నా."

"ఫిజికల్ అయిందా?"

కాలేదన్నాడు. జెర్సీ ఎంతుందో మాత్రం చూసి పెట్టాడు.