లిల్లీ పూలున్న పాత ఈస్టర్ పోస్ట్‌కార్డు ఏ కాలానిదో గుర్తించడం ఎలా?

పూల వైపు కాదు, మొదట కార్డును వెనక్కి తిప్పి చూడండి. అమెరికాలో 1907 మార్చి 1 దాకా చిరునామా వైపు కబురు రాయనిచ్చేవారు కాదు. అక్కడి కార్డుకు వెనక మధ్యలో కబురునూ చిరునామానూ విడదీసే నిలువు గీత ఉంటే దాదాపుగా ఆ తర్వాతిదే. బ్రిటన్‌లో ఈ వెసులుబాటు 1902లోనే వచ్చింది. జర్మనీ ముద్రణై, లిల్లీ రేకులు వేలికి ఉబ్బెత్తుగా తగిలితే బహుశా మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది. ఆ ఉబ్బుకు వెనక గుంట కనిపించాలి.

నకళ్లను పట్టించేది 10 రెట్ల భూతద్దమే. పాత రాతిముద్రణలో (రాతి పలకతో అచ్చువేసే లిథోగ్రఫీలో) చుక్కలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇప్పటి ఆఫ్‌సెట్ ముద్రణలో ఒకే క్రమంలో, చిన్న చిన్న పువ్వుల్లా పేర్చినట్టుంటాయి. వయసు చూపడానికి టీ డికాక్షన్ పూసిన నకళ్లూ ఉంటాయి, మోసపోకండి.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు. అందులోని మెత్తబరిచే రసాయనం బయటికి వచ్చి సిరాను పాడుచేస్తుంది. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి వాడండి.