తాబేలు తొట్టికి పంపు పెట్టింది, రోబోటిక్స్‌లో చేర్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి పదకొండో తరగతి. రెండు నెలల నుంచి తన పెంపుడు తాబేలు తొట్టిలో నీళ్లు తగ్గితే వాటంతటవే నిండేలా ఏదో తయారుచేస్తోంది. గదంతా ట్యూబులు, వైర్లు, బకెట్లు. మొన్నొక రాత్రి నీళ్లు పొర్లి గదంతా తడిసింది. కోపంలో అన్నీ పెట్టెలో వేసి అటక మీద పెట్టేశాను. తెలిసినవాళ్లేమో ఇది రోబోటిక్స్ టాలెంట్, రోబోటిక్స్-ఏఐ డిగ్రీలో చేర్పించండి అంటున్నారు. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. తనని అడిగితే 'ఇంకా తెలీదమ్మా' అంటోంది. ఈ రెండింటినీ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరింగ్‌తో పోల్చి చెప్పగలరా? ముందుగా ఏదైనా వారాంతపు రోబోటిక్స్ సర్టిఫికెట్ కోర్సులో వేయమంటారా? తన నోటుబుక్కు ఫొటోలు కూడా పంపుతున్నాను.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రోబోటిక్స్ అన్న మాట మూడుసార్లు ఉంది. మీరు పంపిన పదకొండు పేజీల నోటుబుక్కులో ఒక్కసారి కూడా లేదు. అందుకే మీ ప్రశ్న కాసేపు పక్కన పెట్టి ఆ నోటుబుక్కు చదివాను. రెండుసార్లు చదివాను.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పిల్లలు ఏదో విప్పుతారు, ఏదో బిగిస్తారు. ఇంట్లోవాళ్లకి సంతోషం, భయం ఒకేసారి మొదలవుతాయి. ఏ కోర్సులో వేయాలని అడుగుతారు గానీ, లోపల కలవరపెట్టేది వేరే ఉంటుంది. ఈ రెండు నెలలూ దండగైపోయాయా? మా పిల్ల తోటివాళ్లకంటే వెనకబడిపోతుందా? మీ టెన్షన్ కూడా అదే అనుకుంటున్నాను. దండగ కాలేదు. ఎందుకో మీ అమ్మాయి రాసినదాంట్లోంచే చూపిస్తాను.

మొదటి పేజీలో యంత్రం ఊసే లేదు. 'హీటర్ సగం బయటికి వచ్చేసింది' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. తాబేలు ఎండ కాగినట్టు కాగడానికి పైన లైటు పెడతారు కదా, ఆ వేడికి నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. నీటిలో మునిగి ఉండాల్సిన హీటర్ గాలిలోకి వస్తే గాజు పగలొచ్చు. ఫిల్టర్ నీళ్లకు బదులు గాలి పీలిస్తే దాని మోటార్ పాడవుతుంది. అంటే తను మొదలుపెట్టింది ఓ ప్రాణి క్షేమం చూసుకోవడానికి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో పేజీలో స్కేలు. తొట్టి అద్దానికి స్కేలు అంటించి వారం రోజులు నీటిమట్టం రాసుకుంది. రోజుకి సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతోంది. తొట్టి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. అంటే రోజుకి రెండు లీటర్లు. పది లీటర్ల బకెట్టు పెడితే ఐదు రోజులు వస్తుంది. పంపు కొనకముందే ఈ లెక్క వేసుకుంది. పెద్దవాళ్లలో చాలామంది ముందు సామాను కొని, తర్వాత లెక్క మొదలుపెడతారు.

నాలుగో పేజీలో తాబేలు ఈదినప్పుడల్లా నీళ్లు అలలు కొట్టి, నీటి మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ స్విచ్ పైకీ కిందికీ ఊగుతోందని, మోటార్‌కి కరెంటు కలిపి తెంచే రిలే టకటకలాడుతోందని రాసింది. ఐదో పేజీలో దానికి మందు ఉంది. ఓ పీవీసీ పైపు ముక్కకి చిన్న చిన్న కన్నాలు పెట్టి ఫ్లోట్‌ని అందులో కూర్చోబెట్టింది. బయట అలలున్నా పైపులో నీరు నిలకడగా ఉంటుంది, తాబేలు వైర్లు కొరకకుండా అడ్డం కూడా. పైగా మట్టం తగ్గిందని స్విచ్ చెప్పాక పది సెకన్లు ఆగి, అప్పటికీ తగ్గే ఉంటేనే మోటార్ తిరిగేలా ప్రోగ్రాం మార్చింది. నదుల్లో నీటిమట్టం కొలిచే కేంద్రాల్లోనూ అలల దెబ్బ తగలకుండా కొలత పరికరాన్ని ఇలాగే గొట్టం లాంటి బావిలో పెడతారు. ఈ సంగతి తనకి తెలుసో లేదో గానీ, ఎవరూ చెప్పకుండానే అక్కడికి చేరుకుంది.

ఇక ఆ తడిసిన రాత్రి సంగతి. అప్పటికి పది లీటర్ల బకెట్టు తీసేసి ఇరవై లీటర్లది పెట్టింది. దాన్ని తొట్టి కంటే ఎత్తున, అరలో పెట్టింది. ట్యూబు చివర తొట్టి నీళ్లలో మునిగి ఉంది. స్విచ్ సరిగ్గానే పనిచేసింది, మోటార్ ఆగింది. నీళ్లు మాత్రం ఆగలేదు. ట్యూబు నిండా నీళ్లున్నాయి, బకెట్టు పైన ఉంది, తొట్టి కింద ఉంది. మోటార్ లేకపోయినా ధార దానంతటదే సాగుతుంది. అదే సైఫన్. తొట్టిలో పైన మిగిలిన ఖాళీ మూడు సెంటీమీటర్లు, అంటే పన్నెండు లీటర్లు పడుతుంది. మిగతా ఎనిమిది లీటర్లు మీ గదిలోకి వచ్చాయి.

మర్నాడు తను రాసిన పేజీ మీరు ఫొటో తీసి పంపారు గానీ, చదివినట్టు లేదు. 'మోటార్ ఆగింది. నీళ్లు ఆగలేదు. ఎందుకు?' అని పైన రాసి, కింద బొమ్మ గీసింది. బొమ్మలో బకెట్టు నేల మీద ఉంది. ట్యూబు చివర నీటికి పైన ఉంది, నీళ్లు ఆగగానే అందులోకి గాలి వెళ్లడానికి. ట్యూబు పైభాగంలో చిన్న కన్నం కూడా గీసింది. పక్కన ఇంకో మాట: 'మోటార్ రెండు నిమిషాలు దాటి తిరిగితే ఏదో తప్పు జరిగినట్టు. ఆపేయాలి.' అమ్మా, అది సరైన జవాబు. తప్పు జరిగిన 24 గంటల్లో, ఎవరినీ అడక్కుండా కనుక్కుంది. అదే రోజు మీరు పెట్టె అటకెక్కించారు.

కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. గది తడిస్తే కోపం రావడం సహజం. కానీ రెండు నెలల్లో ఒక్కసారైనా పక్కన కూర్చుని 'ఇదేంటమ్మా, ఎలా పనిచేస్తుంది' అని అడిగారా? మీ ఉత్తరం మొత్తంలో తను చెప్పింది 'ఇంకా తెలీదమ్మా' ఒక్కటే ఉంది. మీవారు ఏమన్నారో ఉంది, తెలిసినవాళ్లు ఏమన్నారో ఉంది. పిల్ల పనిని అటక మీద పెట్టి, ఆ పనిని చూసి కోర్సు చెప్పమని నన్ను అడుగుతున్నారు. ఇది న్యాయంగా లేదు.

మీ భయంలో న్యాయమైన ముక్క ఒకటుంది: నీళ్ల పక్కన కరెంటు. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పంపు 12 వోల్టులదే ఉండాలి. అడాప్టర్ తొట్టికి దూరంగా, తడి తగలని చోట ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి ఓసారి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది. హీటర్, ఫిల్టర్ ఎలాగూ మెయిన్ కరెంటు మీదే నడుస్తాయి కాబట్టి, లీకేజీ ఉంటే తెగిపోయే ఆర్‌సీసీబీ ఆ లైనుకి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నీళ్లు తోడేటప్పుడు ట్యూబుని నోటితో పీల్చొద్దని గట్టిగా చెప్పండి. తాబేళ్ల నీటిలో సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు, చేతులు పెట్టినా సబ్బుతో కడుక్కోవాలి. ఇంకోటి, ఆవిరైన నీటిని నింపితే తొట్టి శుభ్రమైనట్టు కాదు. నీరు మాత్రమే ఆవిరవుతుంది, వ్యర్థాలు, లవణాలు అక్కడే మిగిలి చిక్కబడతాయి. నీళ్లు మార్చే పని ఎలాగూ తప్పదు.

ఇప్పుడు రోబోటిక్స్-ఏఐ డిగ్రీ. దీని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. రోబోటిక్స్ అనేది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ కలిసే చోటు. నాలుగేళ్లలో మూడింటినీ లోతుగా నేర్పడం చాలా కష్టం. బాగా నేర్పే కాలేజీలు లేవనను. కానీ పేరు మాత్రమే కొత్తగా పెట్టి, మూడింటిలోనూ పైపైన చెప్పి పంపే చోట్లు ఉంటాయి. బ్రోషర్ చూస్తే తేడా తెలియదు. సిలబస్ తెరిచి కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రాలు వాటంతటవే సరిచేసుకునేలా చేసే పాఠం) ఎన్ని గంటలు, మ్యాథ్స్ ఎన్ని సెమిస్టర్లు, ల్యాబ్ వారానికి ఎంతసేపు అని చూడాలి. వీలైతే వెళ్లి రెండో సంవత్సరం పిల్లలతో మాట్లాడి, వాళ్లు చేసినవాటిలో పనిచేయనిది ఒకటి చూపించమని అడగండి. అది ఎందుకు పనిచేయలేదో వివరించగలిగితే ఆ కాలేజీలో చదువు నడుస్తున్నట్టు. చూపించడానికి మెరిసే డెమో ఒక్కటే ఉంటే జాగ్రత్త.

వారాంతపు సర్టిఫికెట్ కోర్సు నా మాట వింటే వద్దు. అలాంటి చాలా క్లాసుల్లో కిట్టు ఇస్తారు. ముక్కలు ముందే సరిపోయేలా చేసి ఉంటాయి, నల్ల గీత వెంట బండి నడుస్తుంది, ఫొటో తీస్తారు. అక్కడ తాబేలు వైరు కొరకదు, సైఫన్ పట్టదు. మీ అమ్మాయి ఇంట్లో దీన్ని ఎప్పుడో దాటేసింది.

పేర్ల సంగతి కూడా చెబుతాను. ఈ ప్రోగ్రాం నడపడానికి తను వాడిన ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు 2005లో ఇటలీలో పుట్టింది. తను చేసిన పని వెనకున్న ఆలోచన, అంటే నీటిమట్టాన్ని తేలే వస్తువుతో కనిపెట్టి ప్రవాహాన్ని సరిచేయడం, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే గ్రీకు ఆవిష్కర్త చేసిన నీటి గడియారంలోనే ఉంది. మన ఫ్లష్ ట్యాంకులో బంతి చేసేదీ అదే. డిగ్రీల పేర్లు కొన్నేళ్లకోసారి మారతాయి. ఆ పేరు చూసి బెంగపడాల్సిన అవసరం లేదు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆ పది సెకన్లు ఆగే ప్రోగ్రాం రాసినప్పుడు తనకి ఎక్కువ ఆనందం కలిగి ఉంటే కంప్యూటర్ సైన్స్ సరిపోతుంది, మీవారి మాట తప్పేమీ కాదు. స్కేలు అంటించి కొలవడం, కొలత నమ్మొచ్చా లేదా అని తరచి చూడడం నచ్చి ఉంటే ఇన్‌స్ట్రుమెంటేషన్. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపోలో పెట్రోలు ట్యాంకు నింపుతుంటే మట్టం చూపే గేజి ఒకే అంకె దగ్గర ఇరుక్కుపోయింది. ప్రవాహాన్ని ఆపాల్సిన రెండో స్విచ్ కూడా పనిచేయలేదు. పెట్రోలు పొర్లి, ఆవిరి మేఘంలా కమ్మి పేలింది. 40 మందికి పైగా గాయపడ్డారు. మీ గదిలో పొర్లినవి నీళ్లు. అక్కడ ఉండాల్సిందీ, మీ అమ్మాయి రెండు నిమిషాల నియమంతో పెట్టబోయిందీ ఒకే జాగ్రత్త.

తొమ్మిదో పేజీలో ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. 'ఎర్ర లైటు వెలిగితే మోటార్ తిరుగుతున్నట్టా, తిరగమని చెప్పినట్టా?' 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఓ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూంలో లైటు మాత్రం ఆరిపోయింది. ఆ లైటు చూపించేది మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే, వాల్వ్ నిజంగా మూసుకుందా అన్నది కాదు. ఆపరేటర్లు మూసుకుందనే అనుకున్నారు. పదకొండో తరగతి పిల్ల తాబేలు తొట్టి పక్కన కూర్చుని అదే సందేహం అడిగిందంటే, తను వెనకబడుతుందన్న భయం మీకు అక్కర్లేదు.

అయినా ఇన్‌స్ట్రుమెంటేషన్ అని నేను తేల్చి చెప్పను. చాలా ఏళ్ల కిందట రేడియోలు బాగుచేసే ఓ అబ్బాయిని చూసి, ఆలోచించకుండా ఎలక్ట్రానిక్స్ అని చెప్పేశాను. చదివాడు, మంచి మార్కులే తెచ్చుకున్నాడు. తర్వాత ఓసారి వచ్చి, 'సార్, నాకు రేడియో కంటే అది తెచ్చిన మనిషితో మాట్లాడడం ఇష్టంగా ఉండేది' అన్నాడు. ఆ అబ్బాయిని నేను ఆ మాట అడగలేదు. మీ అమ్మాయి మొదటి పేజీలో ఉన్నది హీటరూ, తాబేలూ. రేపు తను పశువైద్యమో జీవశాస్త్రమో అన్నా ఈ నోటుబుక్కుతో దానికి విరోధం లేదు. 'ఇంకా తెలీదు' అన్నది పదకొండో తరగతిలో నిజాయితీ గల జవాబు. అప్లికేషన్లు పెట్టే వేళకి ఇంకా టైముంది. సైన్సు, మ్యాథ్స్ గట్టిగా చదువుతూ ఉంటే ఈ దారుల్లో చాలావాటికి తలుపు తెరిచే ఉంటుంది. జీవశాస్త్రం ఇప్పుడు తన సబ్జెక్టుల్లో లేకపోతే మాత్రం, ఆ దారి ఎంతవరకు తెరిచి ఉందో ఈ నెలలోనే స్కూల్లో కనుక్కోండి.

పరీక్షల రోజుల్లో ఈ పనికి శని, ఆదివారాలు చెరో రెండు గంటలని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. నోటుబుక్కు చివరి పేజీలో తేదీ మాత్రం వేసి ఉంది, కింద ఏమీ రాయలేదు. ఈ శనివారం ఆ పెట్టె మీరే దించండి. ఇరవై లీటర్ల బకెట్టు వద్దని చెప్పండి. పది లీటర్లది నేల మీద పెడితే, స్విచ్ మొరాయించి బకెట్టంతా తొట్టిలోకి వచ్చినా నీళ్లు రెండున్నర సెంటీమీటర్లే పెరుగుతాయి, అంచు దాటవు. మొదటిసారి మోటార్ తిరిగేటప్పుడు ట్యూబు చివర మీరు పట్టుకోండి.