డెంప్‌స్టర్ హైవేకి తారు ఎందుకు వేయలేదు?

కెనడా ఉత్తరాన ఇనువిక్‌ పట్టణం దాకా వెళ్లే ఈ రోడ్డు చాలావరకు కంకరదే. కారణం కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండడమే. ఆ మంచు కరిగితే రోడ్డు కుంగిపోతుంది. అందుకే నేలను తవ్వకుండా పైన కంకర పోశారు, కొన్నిచోట్ల 2.4 మీటర్ల మందాన. అది వేడి తగలకుండా నేలకు కప్పిన దుప్పటి. నేల కదిలితే తారు పగులుతుంది, కంకరనైతే రోడ్డు చదును చేసే గ్రేడరు యంత్రంతో మళ్లీ సర్దేయొచ్చు.

1979లో తెరిచిన ఈ సుమారు 740 కిలోమీటర్ల దారిలో నాకు ఇంకా పెద్ద విషయంగా కనిపించేది నదులు. పీల్, మెకెంజీలపై వంతెనల్లేవు. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీలు. నది గడ్డకట్టే, కరిగే ఆ కొద్ది వారాలు మాత్రం ఇనువిక్‌కి పాలు, కూరగాయలు కూడా విమానంలోనే రావాలి.