పిస్కీ హాల్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో కాన్‌స్టంటైన్ ఊరి దగ్గర పొలాల మధ్య ఉన్న పిస్కీ హాల్ అనే రాతి సొరంగం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేరా నిండా చీకటి, చల్లగాలి, వెన్నులో వణుకు. అవి తీసెయ్. ఏ గుహ గురించైనా అవే రాయొచ్చు.

ముందు కట్టినవాళ్ల పని చూపించు. ఇనుప యుగంలో అక్కడ సేద్యం చేసుకునే జనం నేలలో పొడవుగా కందకం తవ్వి, రెండు వైపులా సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చుకుంటూ, పైకి వెళ్లేకొద్దీ గోడల్ని కాస్త లోపలికి తెచ్చి, పైన పెద్ద పెద్ద బండలు అడ్డంగా పరిచి మళ్లీ మట్టి కప్పేశారు. ఇలాంటివాటిని అక్కడ ఫోగూ అంటారు. ఆ ప్రాంతంలోనే కార్న్ యూనీ అనే చోట ఉన్న ఇంకో ఫోగూ దాదాపు 20 మీటర్ల పొడవు. 19వ శతాబ్దంలో తగరం కోసం వెతికే గని కార్మికులకు అది దొరికింది. 1964 నుంచి 1972 దాకా జరిగిన తవ్వకాల్లో చుట్టూ ఉన్న ఊరు కూడా బయటపడింది.

పిస్కీ హాల్‌ని పూజల కోసమే కట్టారని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. అంత తొందర వద్దు. తిండి సామాను దాచుకోవడానికి అనేవాళ్లున్నారు, దాడులప్పుడు దాక్కోవడానికి అనేవాళ్లున్నారు. అక్కడే హాలిగీ అనే మరో ఫోగూలో నడిచే దారికి అడ్డంగా ఒక రాతి గట్టు వదిలారు, చీకట్లో తెలియకుండా వచ్చినవాడు దానికి తట్టుకుని పడాల్సిందే. ఫోగూలు ఇళ్లను ఆనుకుని ఉన్నాయి కాబట్టి నాకైతే సామాను దాచే చోటు అన్నదే ఎక్కువ నమ్మాలనిపిస్తుంది, కానీ ఆ గట్టు గుర్తొచ్చిన ప్రతిసారీ నా నమ్మకం కదులుతుంది. పాఠకుడికీ ఆ ఊగిసలాట అందనివ్వు.

ఇక పేరు. పిస్కీలంటే అక్కడి కథల్లో బుల్లి మనుషులు, రాత్రిపూట బాటసారులకు దారి తప్పిస్తారు, విడిపించుకోవాలంటే కోటు తిరగేసి తొడుక్కోవాలి. ఇంత ముచ్చటైన సంగతి నీ వ్యాసంలో లేకపోవడమేంటి! పైగా ఆ పేరును పూజలకు సాక్ష్యంగా వాడావు. కట్టినవాళ్లను జనం పూర్తిగా మర్చిపోయాక, ఎన్నో వందల ఏళ్ల తర్వాత పుట్టిన పేరు అది. కట్టిన కాలం గురించి అదేం చెబుతుంది? దాని పక్కన బతికిన పల్లె జనం గురించి మాత్రం చాలా చెబుతుంది. మన తెలంగాణలో పాతకాలపు రాతి సమాధుల్ని రాక్షస గుళ్లు అంటారు కదా. అంతంత బండలు మోసింది రాక్షసులే అనుకుని ఉంటారు మనవాళ్లు, ఇంత ఇరుకు దారిలో తిరిగేది బుల్లివాళ్లే అనుకుని ఉంటారు వాళ్లు. ఇది నా ఊహే, నచ్చితే నీ మాటల్లో రాసుకో.

ఇంకొకటి. క్రిస్మస్ పొద్దున నోట్లో ఎర్ర గులాబీతో కనిపించే తెల్లబట్టల ఆవిడ కథ పిస్కీ హాల్‌ది కాదు, పెండీన్‌లోని ఫోగూది. రెండూ కలిపేశావు. ఏ కథ ఏ ఊరిదో ఆ ఊరికే ఉంచు, లేకపోతే అక్కడివాళ్లకు అన్యాయం చేసినట్టే.

హాలిగీ చూడాలంటే ఎండాకాలంలో వెళ్లు, చలికాలమంతా గబ్బిలాల కోసం మూసేస్తారు. టార్చ్ తీసుకెళ్లు, గోడ రాళ్లు ఎలా పేర్చారో దగ్గర నుంచి చూసి ఆ పేరా మళ్లీ రాసి పంపు. మిగతాది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అన్నయ్య