అనువాదం చేసే అమ్మాయికి సాఫ్ట్‌వేర్ కొనిపెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతూ, రెండు ఏజెన్సీలకు ఇంటి నుంచే తెలుగు అనువాదాలు చేస్తున్నది. అనువాదకుల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొనిపెట్టమంటున్నది. నేను ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమాస్తాను. ఆ ఖర్చు అవసరమేనా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ అమ్మాయి అడుగుతున్నది ఏ రకం సాఫ్ట్‌వేరో ముందు తేల్చుకోండి, ఎందుకంటే ఈ వృత్తిలో కొత్తవాళ్లు రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా అనుకుంటారు. ట్రాడోస్, మెమోక్యూ, ఒమేగాటీ వంటివి అనువాదం చేయడానికి తోడ్పడేవి; లోగడ అనువదించిన వాక్యాలను దాచి ఉంచి, అటువంటి వాక్యం మళ్లీ వచ్చినప్పుడు ముందుకు తెస్తాయి. ఏ ఫైలు ఎవరిది, ఎన్ని పదాలు, ఏ ధర, గడువు ఎప్పుడు, ఇన్‌వాయిస్ పంపామా, డబ్బు వచ్చిందా అన్న పద్దు చూసేవి వేరు. ప్రోటెమోస్, ట్రాన్స్‌లేషన్ ఆఫీస్ 3000 ఈ రెండో రకానివి. ప్లునెట్, ఎక్స్‌టీఆర్‌ఎఫ్ అనేవి ఇదే పనికి ఏజెన్సీలు వాడేవి; వాటిలోకి లాగిన్‌ను ఏజెన్సీయే ఇస్తుంది కాబట్టి మీరు కొనే ప్రసక్తి లేదు.

పద్దు విలువ మీకు నేను చెప్పనక్కర్లేదు. తక్‌పట్టీలో (రైతుకు ఇచ్చే సరుకు లెక్క చీటీలో) తరుగు తీసినట్టే అనువాదంలోనూ తీస్తారు. ఉదాహరణకు 4,000 పదాల ఫైలులో 1,000 పదాలు మునుపటి అనువాదంతో పూర్తిగా, మరో 1,000 కొంతవరకు సరిపోలితే, వాటికి వరుసగా 30 శాతం, 60 శాతం ధరే ఇస్తామని ఒప్పందం ఉందనుకోండి. అప్పుడు కూలి లెక్కకు వచ్చేవి 2,900 పదాలే. ఈ లెక్కను సాఫ్ట్‌వేర్ క్షణంలో కడుతుంది గాని, ఒక్కసారైనా చేత్తో కట్టి చూడని వారికి ఏజెన్సీ తరుగు ఎక్కువ తీసినా తెలియదు. గడువుల సంగతీ అంతే: బెర్లిన్ సాయంత్రం 5 గంటలంటే మనకు చలికాలంలో రాత్రి 9.30, వాళ్ల వేసవిలో 8.30.

రెండు ఏజెన్సీలే ఉన్న ఈ దశలో ఎక్సెల్ పట్టిక చాలు. మొదటి రకాన్ని డబ్బు పెట్టకుండా నేర్చుకోవడానికి ఒమేగాటీ ఉచితంగానే దొరుకుతుంది. ఏజెన్సీలు నాలుగైదు అయి, ఏ బాకీ ఎప్పుడు వసూలు కావాలో పట్టికలో వెతుక్కోవలసి వస్తే, అప్పుడు కొనే ఆలోచన చేయండి.

అయితే మీ అమ్మాయికి లెక్కలూ గడువులూ పట్టించుకునే స్వభావం ఉంటే, ఆమె మరో కోణంలోనూ ఆలోచించాలని నా సలహా. అనువాద సేవలకు 2015లో వచ్చిన ఐఎస్ఓ 17100 ప్రమాణం ప్రకారం, అనువదించిన వారు కాక మరొకరు మూలంతో పోల్చి సరిచూడాలి. అంటే ఒక్కో ఫైలు కనీసం ఇద్దరి చేతులు మారుతుంది. దానిని నడిపించడానికి ఏజెన్సీలో ప్రాజెక్ట్ మేనేజర్ ఉంటారు. ఆ ఉద్యోగం అడగబోయే వారికి ప్లునెట్ వంటివి ఎలా పని చేస్తాయో తెలిసి ఉండడం మేలు. ఏజెన్సీ ఇచ్చిన లాగిన్‌లోనే కొంత గమనించవచ్చు.

ఈ ఆదివారం మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, గత 3 నెలల పనులన్నిటినీ పదాలు, ధర, తరుగు, ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు వచ్చిన తేదీ అనే వరుసలో రాయించండి. అందులో ఖాళీగా మిగిలిన గడులు ఎన్నో చూశాక కొనే విషయం మాట్లాడుకోండి.