ఇజ్రాయెల్, అరబ్బుల మధ్య శాంతికి ఎక్కువ మేలు చేసింది ప్రభుత్వాల ఒప్పందాలా, మామూలు మనుషుల ప్రయత్నాలా?

నేను జగిత్యాల జిల్లా నుంచి కేర్‌గివర్ పనికి వెళ్లి ఇజ్రాయెల్‌లోని కఫర్ సబా పట్టణంలో ఒక పెద్దావిడను ఆరేళ్లు చూసుకున్నాను. కాబట్టి నా జవాబులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత కారు వెనక సీట్లో కూర్చుని చూసినది.

ఒప్పందాలన్నీ ఉత్త కాగితాలేనని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. 1948, 1956, 1967, 1973లలో ఇజ్రాయెల్‌తో పెద్ద యుద్ధాలు చేసిన ఈజిప్టు, 1979 మార్చి 26న సంధి మీద సంతకం చేశాక మళ్లీ ఆ దేశంతో యుద్ధానికి దిగలేదు. 1982లో సినాయ్ ద్వీపకల్పాన్ని తిరిగి పొందింది. సంధి చేసిన ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ మాత్రం అంతకు ముందు ఏడాదే హత్యకు గురయ్యాడు.

అయితే మీరు రెండుగా విడదీసి అడిగినవి నిజానికి అంత విడిగా లేవు. పి.ఎల్.ఓ. (పాలస్తీనా విమోచన సంస్థ) వారిని కలవడం ఇజ్రాయెలీలకు చట్టరీత్యా నేరంగా ఉన్న రోజుల్లో, 1992 డిసెంబరులో, యాయిర్ హిర్ష్‌ఫెల్డ్ అనే ఇజ్రాయెలీ అధ్యాపకుడు లండన్‌లో ఆ సంస్థ నాయకుడు అహ్మద్ ఖురయ్‌ని కలిశాడు. నార్వేలో రహస్యంగా కొనసాగిన ఆ మాటలే 1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్, పి.ఎల్.ఓ. అధినేత అరాఫత్‌ల కరచాలనం దాకా వచ్చాయి.

ఇక నేను చూసిన సంగతి. పెద్దావిడ కొడుకు 'రోడ్ టు రికవరీ' అనే సంస్థలో స్వచ్ఛంద సేవకుడు. తమ్ముణ్ని పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ చేతిలో పోగొట్టుకున్న యువాల్ రోత్ స్థాపించిన సంస్థ అది. వెస్ట్ బ్యాంక్ నుంచి, 2023 అక్టోబరు దాకా గాజా నుంచి కూడా, వచ్చే పాలస్తీనా రోగులను చెక్‌పోస్టు దగ్గర ఎక్కించుకుని ఇజ్రాయెల్ ఆసుపత్రుల్లో దింపుతారు. ఒకసారి ఆ కొడుకు పెద్దావిడను రక్తపరీక్షకు తెల్ హషోమేర్ ఆసుపత్రికి తీసుకెళ్తూ, తెల్లవారకముందే ఎయాల్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆపాడు. క్యాన్సర్ వైద్యానికి వెళ్తున్న ఒక పిల్లవాడూ, వాడి తండ్రీ నా పక్కన కూర్చున్నారు. తండ్రి జాతర్ అనే ఆకుల పొడి చల్లిన వేడి రొట్టెను కాగితంలో చుట్టి ముందు సీట్లోకి అందించాడు. పరీక్ష అయ్యేదాకా ఏమీ తినకూడదని నేను సైగ చేశాను. అయినా ఆవిడ దాన్ని తీసుకుని దారి పొడవునా ఒళ్లోనే పెట్టుకుంది, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడి బెంచీ మీదే సగం తిని మిగతాది నాకిచ్చింది. దారిలో పెద్దగా మాటలు లేవు. నాకు హీబ్రూ అరకొరగా వచ్చు, ఆ తండ్రికీ అంతే.

ఆ కారుకు ఒక పరిమితి ఉంది. పిల్లవాడి పర్మిట్ మీద సైన్యం ముద్ర పడకపోతే డ్రైవరు గేటు ఇవతల ఎంతసేపు నిలబడినా లాభం లేదు, తండ్రికి పర్మిట్ రాక నాయనమ్మను తోడు తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారని పెద్దావిడ కొడుకే చెప్పేవాడు. మామూలు మనుషుల ప్రయత్నాలు మాత్రమే చాలునని నేను అనలేకపోవడానికి కారణం ఇదే.

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో, అదే సంస్థ తరఫున గాజా రోగులను ఆసుపత్రులకు చేర్చిన వివియన్ సిల్వర్, గాజా సరిహద్దు దగ్గరి బెయేరీ ఊళ్లోని తన ఇంట్లో చనిపోయింది. ఆ వార్త విన్న రాత్రి పెద్దావిడ కొడుకు ఎవరితోనూ మాట్లాడలేదు. వెస్ట్ బ్యాంక్ రోగుల కోసం మళ్లీ పిలుపు వచ్చినప్పుడు మాత్రం, ఎప్పటిలాగే నాలుగున్నరకు అలారం పెట్టుకున్నాడు.