బోటులోని చార్ట్‌ప్లాటర్ (బోటు ఎక్కడుందో మ్యాప్ మీద చూపే జీపీఎస్ పరికరం) లొకేషన్ చూపించడానికి ఎందుకంత ఆలస్యం చేస్తుంది?

చాలాసార్లు కారణం రెండింటిలో ఒకటి: దానిలోని జీపీఎస్ రిసీవర్ దగ్గర ఉపగ్రహాల తాజా కక్ష్య వివరాలు లేకపోవడం, లేదా యాంటెన్నాకు ఆకాశం సరిగ్గా కనిపించకపోవడం.

ప్రతి జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల నత్తనడకతో, 30 సెకన్లకోసారి పంపుతుంది. మధ్యలో సిగ్నల్ తెగితే పోయిన భాగం కోసం మళ్లీ ఆగాలి. ఈ వివరాలు సుమారు 4 గంటలే పనికొస్తాయి. అన్ని ఉపగ్రహాల కక్ష్యలను స్థూలంగా చెప్పే పట్టిక పూర్తిగా అందడానికైతే 12.5 నిమిషాలు.

ఉదాహరణకు, నెలల తరబడి షెడ్డులో ఉన్న బోటును బయటికి తీశారనుకుందాం. మొదటిసారి పది నిమిషాలు పట్టినా కంగారు అక్కర్లేదు. కానీ ఆపి వెంటనే ఆన్ చేసినా అంతే పడుతుంటే లోపలి బ్యాకప్ బ్యాటరీ పోయి ఉండొచ్చు. అప్పుడు ప్లాటర్‌కు సమయం, పాత లొకేషన్ గుర్తుండవు. శాటిలైట్ స్టేటస్ పేజీలో సిగ్నల్ గీతలు పొట్టిగా ఉంటే మాత్రం యాంటెన్నాను అనుమానించండి: పైన లోహపు కప్పు, పక్కన రాడార్, తుప్పు పట్టిన కనెక్టర్.

‘ఫోన్‌లో క్షణాల్లో వస్తోంది కదా, ప్లాటరే పాడైంది’ అనుకోవడం పొరపాటు. ఫోన్ ఉపగ్రహాల కక్ష్య వివరాలను మొబైల్ నెట్‌వర్క్ నుంచి తెచ్చుకుంటుంది. మామూలు ప్లాటర్‌కు ఉపగ్రహమే దిక్కు. మబ్బుల మీద నెపం వేయడమూ అనవసరమే.